గడప మీద అడిగే మాట

మైపాడు అంగన్‌వాడీలో ఆనందకుమారి టీచరు పొద్దున్నే తాళం తీసి, ప్రభువును తలచుకుని, గడప మీద కూర్చునేది. తన ముఖం పిల్లల ఎత్తుకు రావాలని ఆమె కోరిక. వచ్చిన ప్రతి బిడ్డ చేయీ పట్టుకుని, "ఈ రోజు నీ లోపల సముద్రం ఎట్టుండాది?" అని అడిగేది.

జాలరి బిడ్డలకు ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు. "నిమ్మళంగా ఉండాది" అని ఒకరు, "అలలు లేస్తా ఉండాయి టీచర్" అని ఇంకొకరు. అలలు లేచినవాళ్ళను ఆ పూట పక్కనే కూర్చోబెట్టుకునేది.

నాలుగేళ్ళ రోజా మాత్రం ఏమీ చెప్పేది కాదు, కరిచేది. వాళ్ళమ్మ సుభాషిణి తెల్లవారకముందే రొయ్యల కంపెనీ బస్సెక్కుతుంది. బిడ్డ నిద్రలేచేసరికి పక్క ఖాళీ. తోటి పిల్లాడు మధుబాబు చేతిమీద ఆ పిల్ల పళ్ళు దిగిన రోజున వాడి అవ్వ మస్తానమ్మ చేపల తట్టతో సహా వచ్చిపడింది.

"ఏంది టీచరమ్మా, బడి నడపతా ఉండావా, కుక్కపిల్లల్ని సాకతా ఉండావా? ఆ పిల్లని పంపించెయ్. లేదంటే మా వీధి పిల్లోళ్ళు ఒక్కరూ రారు."

"శనివారం దాకా ఓపిక పట్టక్కా. అప్పటికీ మారకపోతే నేనే వాళ్ళమ్మతో చెప్తాను."

అనేసింది గానీ, పంపేస్తే ఆ పసిదాన్ని పగలంతా చూసే దిక్కు లేదు. ఆ రోజే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, "రోజా లేచేసరికి అమ్మ ఉండదు. మీకైతే ఎట్టుంటాది?" అని అడిగింది. మధుబాబు చేతిమీది గాటు నిమురుకుంటూ ఉండిపోయాడు.

శనివారం మస్తానమ్మ రానే వచ్చింది. లోపల పిల్లలు పాత తాడొకటి పట్టుకుని, హైలెస్సా అంటూ వల లాగే ఆట ఆడుతున్నారు. రోజా దగ్గరికి రాబోతే, "అది వద్దు, కరస్తాది!" అన్నారెవరో. రోజా పళ్ళు బిగించింది. టీచరు లేవబోయి ఆగిపోయింది. మధుబాబు అప్పటికే రోజా ముందు గొంతుక్కూర్చున్నాడు, అచ్చం టీచరులాగే.

"ఏమ్మే రోజా, నీ లోపల సముద్రం ఎట్టుండాది?"

రోజా బిగించిన పళ్ళు వదిలింది. "పేద్ద అల. అమ్మ చెప్పకుండా పొయ్యింది" అని బావురుమంది.

వాడు తాడు కొస ఆ పిల్ల చేతికిచ్చి, మిగతావాళ్ళవైపు తిరిగాడు. "తాడు మీద చెయ్యేసినోళ్ళకి వాటా ఇయ్యాల. మా అవ్వ చెప్పింది!"

ఒడ్డున వల లాగేటప్పుడు దారినపోయేవాడు చెయ్యేసినా సరే, పిడికెడు చేపలు పెట్టకుండా పంపదు మస్తానమ్మ. తన మాటే తనకు ఎదురొచ్చేసరికి గుమ్మంలో నిలబడిపోయింది. లోపల హైలెస్సాల్లో రోజా గొంతే పెద్దది ఇప్పుడు.

"దేవా, నీకు స్తోత్రం" అనుకుంది ఆనందకుమారి.

"వాడు నా మనవడేనా?" అంది మస్తానమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"మనవడూ నీవాడే, మాటా నీదే" అని టీచరు నవ్వింది. "సోమవారం నాకు నెల్లూరులో మీటింగు. ఆయా తలుపు తీస్తుందిలే. ఆ గడప మీద కాసేపు కూర్చుని, పిల్లల్ని ఆ మాట అడిగి పెట్టవా అక్కా?"