లెక్కల సార్ నా బల్ల మీద కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు మా బీదర్ హైస్కూల్లో బల్లలు పాతవే, గంట పాతదే, చదువు భాష ఒక్కటే మారింది. ఉర్దూలో సాగే పాఠాలు, మా ఊరు మైసూరు రాష్ట్రంలో కలిశాక, కన్నడంలోకి వచ్చాయి. మా లెక్కల సార్ ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవారు, కానీ లెక్కలన్నీ ఉర్దూలో నేర్చినవారు. కూడిక అనబోతే ‘జమా’ అనేవారు, త్రిభుజం గీస్తే ‘ముసల్లస్’ అనేవారు.

మాది పక్కిల్లు. సాయంత్రం నన్ను పిలిచి, నా పుస్తకంలోని కన్నడ మాటలు ఒక్కొక్కటే అడిగి, ఉర్దూ అక్షరాల్లో రాసుకునేవారు.

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా, నవ్వుతరు" అన్నారొకసారి. మా అమ్మకు కూడా చెప్పలేదు నేను.

అంతలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నారన్నారు. కన్నడంలో చెప్పలేని వారిని తరగతి నుంచి తప్పించి దఫ్తరులో కాగితాల పనికి వేస్తారట. ఆ వారమంతా సార్ అన్నం సరిగా తినలేదని వాళ్ళ ఇంటావిడ మా అమ్మతో చెప్పుకుంది.

ఆ రోజు ఇన్‌స్పెక్టర్ వెనక బల్ల మీద కూర్చున్నారు. సార్ బోర్డు మీద మూడు గీతలు గీసి మావైపు తిరిగారు. నోరు తెరిచారు, కన్నడ మాట గుర్తు రాలేదు. సుద్దముక్క వేళ్ళ మధ్య నలుగుతోంది.

"త్రిభుజ, సార్!"

మెల్లగా అందామనుకున్నది గదంతా వినపడింది.

"అబ్బో, సార్‌కే సార్ అయింది సూడుర్రి!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డారు. నా నోటి వల్లే సార్ తరగతి పోయిందనుకున్నాను.

సార్ తలవంచుకోలేదు. ఈ పిల్లే నాకు కన్నడం నేర్పుతోందని, వచ్చీరాని కన్నడంలోనే ఇన్‌స్పెక్టర్‌కు చెప్పారు. సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

"నువ్ జెప్పు బిడ్డా, నేన్ గూసుంట."

"జర జరుగుర్రి" అంటూ నా చోట్లో కూర్చున్నారు. మూడు కోణాలు కలిపితే ఎంతో చెప్పబోయి నేను మధ్యలో తడబడ్డాను. అప్పుడాయన మాలాగే చెయ్యెత్తి, తెలియనివాడిలా ఒక ప్రశ్న అడిగారు. జవాబు వెతికేసరికి దారి దొరికింది. మళ్ళీ ఆగితే మళ్ళీ చెయ్యెత్తారు. బల్ల మీద నుంచే పాఠమంతా నడిపించారు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఏదో రాసుకుని, ఆరు నెలల తర్వాత వస్తాను, అప్పుడు ఈ పిల్ల కూర్చోవాలి, మీరు చెప్పాలి అన్నారు. ఆయన తిరిగి వచ్చిన నాడు నేను కూర్చునే ఉన్నాను. నా అవసరం పడలేదు.

మరుసటేడు నా చదువు ఆగిపోయింది. కోణాలూ మరిచాను. ఇప్పుడు మనవరాలు ఫోను నేర్పుతూ, "గిది గుడ తెల్వదా అవ్వా?" అంటుంది. తెల్వదంటాను. మళ్ళీ అడగాల్సి వస్తే, చెయ్యెత్తుతాను.