గాజులు మోగని గాలి

కల్వకుర్తి చుట్టుపక్కల పల్లెల్లో మోటారు సైకిలు టైరు మంచిదో కాదో తేల్చడానికి ఒకే కొలమానం ఉంది: ఎన్నాళ్లు బతికింది. దాన్ని నడిపినవాడు ఎన్నిసార్లు జారిపడ్డాడో, వాడి నడుము ఏ స్థితిలో ఉందో ఎవరూ అడగరు. గీతలన్నీ అరిగిపోయి, లోపలి పోగులు బయటపడి, కొత్తగా గుండు కొట్టించుకున్న తలలా మెరిసే టైరును యజమాని ఇంటికొచ్చిన చుట్టానికి చూపించి మురిసిపోతాడు. ఈ ఏకాభిప్రాయానికి ఎదురు తిరిగిన మనిషి ఆ ప్రాంతంలో ఒక్కతే ఉంది. ఆమె పేరు జీనత్. వృత్తి గాజులమ్మడం.

ఆమె తల్లి గాజుల మలారాన్ని భుజాన వేసుకుని ఊళ్లు నడిచింది. జీనత్ ఆ మలారాన్ని మోటారు సైకిలు ఎక్కించింది. వెనుక సీటు మీద వెదురు చట్రం, చట్రానికి మట్టిగాజుల దండలు, దండల మధ్య పాత చీరల పేలికలు. ఎండ పడితే వెనకాల ఇంద్రధనుస్సును కట్టుకుని పోతున్నట్టే ఉంటుంది. ఆ సరుకు ప్రయాణించవలసిన దారి మాత్రం అంత అందమైనది కాదు. నీళ్ల పైపుల కోసం బోడగుట్టపల్లి రోడ్డును ఒక గుత్తేదారు నడిమధ్యన చీల్చాడు. కంకర కుప్పలు పోసి, పూడ్చినట్లు బిల్లు ఎత్తుకుని వెళ్లిపోయాడు. తవ్వినవాడే రోడ్డును పూర్వస్థితికి తేవాలన్న షరతు ఒప్పందంలో ఉంది. ఉన్న షరతును అమలు చేయించవలసినవాళ్లు ఆ రోడ్డు మీద ఎన్నడూ గాజులు మోసుకెళ్లలేదు.

ఆ బోడగుట్టపల్లిలోనే జీనత్‌కు గండం వచ్చింది. అక్కడ ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు నిర్మలమ్మ. ఆమె పెద్దకూతురి పెళ్లికి జీనత్ తెచ్చిన దండల్లో కొన్ని గాజులు దారిలోనే పగిలాయి. పెళ్లింట గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలి. ఏ మాట అన్నా నిర్మలమ్మ మనసులో కలుక్కుమన్నది మాత్రం పోలేదు. ఇప్పుడు చిన్నకూతురు నిరోష పెళ్లి కుదిరింది. కబురు పంపకుండా నిర్మలమ్మ స్వయంగా కల్వకుర్తి వచ్చి చెప్పింది.

“ఈసారి తొవ్వల ఒక్క గాజు పెరిగినా నేనూకోను జీనతూ. పట్నంల డబ్బా గాజులు తెచ్చుకుంట. నేను తెచ్చుకున్ననంటే ఊరంత తెచ్చుకుంటది, నీకెరికే.”

జీనత్‌కు ఎరుకే. బోడగుట్టపల్లి పోతే దాని వెనుక ఉన్న తండాలూ పోతాయి. అందుకే ఆమె ముందుగా బండి వెనుక టైరు మార్చాలని నిశ్చయించుకుంది.

ఆమె తమ్ముడు ముజఫ్ఫర్‌కు శ్రీశైలం రోడ్డు మీద టైర్ల దుకాణం ఉంది. అక్కాతమ్ముళ్లు ఇంట్లో ఉర్దూలో పోట్లాడుకుంటారు; దుకాణంలో మాత్రం, గిరాకీలు కూడా పక్షాలు వహించడానికి వీలుగా, తెలుగులో పోట్లాడుకుంటారు. ముజఫ్ఫర్ మొదట ఒంటి నిండా బుడిపెలున్న గుండీల టైరు చూపించాడు. అది బురదలో బాగా పట్టుకుంటుంది గానీ, తారు రోడ్డు మీద తుమ్మెదల గుంపులా రొద పెడుతూ బండినంతా వణికిస్తుందని జీనత్ తోసిపుచ్చింది. తరువాత గట్టి రబ్బరు టైరును ప్రేమగా నిమిరాడు.

“గిది ఏస్కో ఆపా. నువ్వు ముసల్దానివైనా ఇది ముసల్ది గాదు.”

“టైరు బతికి నాకేం జేస్తదిరా? నా గాజులు బతకాలె.”

బెంచీ మీద కూర్చున్నవాళ్లలో సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది తలలు పట్టుకున్నారు. జీనత్ మెత్తని రబ్బరు టైరే వేయించుకుంది. అది వచ్చే పీర్ల పండుగ దాకా కూడా ఉండదని ముజఫ్ఫర్ దుఃఖంతో ప్రకటించాడు. ఉండదని ఆమెకూ తెలుసు. మెత్తని రబ్బరు దెబ్బను తాను తింటుంది. తిన్నది గనుక తొందరగా అరుగుతుంది.

గాలి విషయంలో ఆమెది మరీ విడ్డూరమైన పద్ధతి. మీటరును నమ్మదు. మలారం కట్టి కొంత దూరం నడిపి, వెనకాల చెవి వేస్తుంది. గాజులు గలగలమంటే గాలి ఎక్కువైనట్టు. అవి మాట్లాడటం మానేదాకా తీస్తుంది.

గాజులు వేయవలసిన రోజు తెల్లవారగానే బండెక్కి, ఊరు దాటకముందే ఆమె నిర్ఘాంతపోయింది. మలారం డప్పులా మోగుతోంది. అక్క నిద్ర లేవకముందే ముజఫ్ఫర్ వచ్చి, టైరు నాలుగు కాలాల పాటు బతకాలన్న ప్రేమతో, రాయిలా గాలి కొట్టి వెళ్లాడు. జీనత్ బండి ఆపి, తలలోని పిన్ను తీసి వాల్వు మీద నొక్కింది. కాస్త నడిపింది, గలగల. మళ్లీ నొక్కింది, గుసగుస. మరోసారి నొక్కి నడిపితే వెనకాల అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వినగానే ఆమెకు పట్టరాని నవ్వొచ్చింది. కంకర మీద బండి పడవలా ఊగుతుంటే, గుంతగుంతకూ గుత్తేదారు వంశాన్ని పేరుపేరునా తలుచుకుంటూ, మధ్యమధ్య పాడుతూ, బోడగుట్టపల్లి పొలిమేర చేరింది.

అక్కడ సర్కారు తుమ్మ ముల్లు దిగింది. గాలి తగ్గిన టైరుకు ముల్లును ఆపే బిగువు లేదు. బండి వెనుక భాగం మెల్లగా, మర్యాదగా కూర్చుంది.

బోడగుట్టపల్లిలో పంక్చరు వేసేవాడు లేడు. చప్పిడి టైరు మీద తోస్తే గాజులన్నీ కంకర పాలవుతాయి. విప్పి చేతుల మీద మోసుకుపోదామంటే వీల్లేదు: పెళ్లి మలారాన్ని దారిలో విప్పకూడదు, పెళ్లింటి గడప ముందరే విప్పాలి. పెళ్లిపిల్లనే రమ్మందామంటే నిరోషకు మైలపోలు స్నానం చేయించి పసుపు పెట్టారు. పసుపు పెట్టిన పిల్ల పొలిమేర దాకా రాకూడదు. జీనత్ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. కాసేపటికి నిర్మలమ్మ, ఆమె వెనక పెళ్లింటి ఆడవాళ్లంతా వచ్చి బండి చుట్టూ మూగారు. విప్పాలా వద్దా అన్నదాని మీద వాదోపవాదాలు నడిచాయి. బిక్షమ్మ అనే ముసలావిడ, రోడ్డు కూడా వాకిలి కిందికే వస్తుందని గట్టిగా వాదించి ఓడిపోయింది.

ఆఖరికి నిర్మలమ్మ చీర కొంగు నడుముకు దోపింది.

“ఇప్పకుంటె ఇప్పకుండ్రి. ఎనుక గీర లేపుండ్రి. నేనో దిక్కు పడుత.”

జీనత్ హ్యాండిలు పట్టుకుంది. ఆడవాళ్లు రెండు పక్కలా చేరి చట్రం కింద చేతులు వేసి, వెనుక చక్రాన్ని నేల మీంచి లేపారు. ముందు చక్రం దొర్లుతోంది, వెనుక చక్రం గాలిలో తేలుతోంది. అంతమంది చేతుల మీద వస్తున్న మలారంలో చిన్న చప్పుడు లేదు. చప్పుడంతా మనుషులదే. పెళ్లింటి డప్పులవాళ్లు ఎదురొచ్చి దరువు అందుకున్నారు. మోస్తున్నవాళ్లు ఆ దరువుకే అడుగులు వేశారు. నవ్వాపుకోలేనివాళ్లు పక్కకు తప్పుకుంటే, ఆ జాగాలోకి తోసుకొచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు. బిక్షమ్మ ఏమీ మోయకుండా ముందు నడుస్తూ, జరగండి జరగండని ఊరందరికీ ఆజ్ఞలు జారీ చేసింది.

గడప ముందర జీనత్ కట్లు విప్పింది. అందరూ మెడలు సాచి ముందుకు వంగారు. పేలికలు తీసి, ఒక్కో దండను వెలుతురులోకి ఎత్తి, ప్రతి గాజు మీదా వేలు తిప్పింది. ఒక్కటి కూడా పెరగలేదు. జీనత్ నిరోష చేతికి మొదటి గాజు తొడిగింది.

పెళ్లిపిల్ల లేవగానే నిర్మలమ్మ ఎవరినీ ముందుకు రానివ్వకుండా వచ్చి కూర్చుని కుడిచేయి చాపింది. మణికట్టు బోసిగా ఉంది. చట్రం అంచు ఒరుసుకుని ఆమె పాత గాజులన్నీ దారిలోనే రాలిపోయాయి.

“నావి పెరిగినయి,” అంది నిర్మలమ్మ, ఎటో చూస్తూ. “పిల్లకు ఒడిబియ్యం పోసేనాడు గూడ నువ్వే రావాలె. టైరు సంగతి నాకొద్దు. ముందుగల ఫోన్ జెయ్యి, మేమే ఎదురొస్తం.”

వాకిలంతా గొల్లున నవ్వింది. జీనత్ నవ్వును పంటి కింద ఆపి, ఆ లావుపాటి చేతిని తన ఒడిలోకి తీసుకుంది.

“జర చెయ్యి మెత్తగ ఇడువు అక్కా.”

నిర్మలమ్మ పిడికిలి సడలించింది. ఆకుపచ్చ గాజు బొటనవేలి ఎముకను దాటి జారింది.