వద్దన్న ఉప్మా

మోత్కూరులో నా మాటను సగానికి సగం కోసి నమ్ముతారు. తప్పు వాళ్లది కాదు. కోస్గి సంతలో నేను కొన్న మేక కన్నడంలో పిలిస్తే తప్ప పలికేది కాదని, దాన్ని మేపడానికి నేనే కన్నడం నేర్చుకున్నానని చెప్పి, ఒక వానాకాలమంతా హోటల్లో ఊరికే చాయ్ తాగినవాణ్ణి. మా అక్క ఆ సగం కూడా నమ్మదు. ఎత్తుకుని పెంచిన మనిషి. నా మాటలో అబద్ధం ఎక్కడ మొదలవుతుందో నాకంటే ముందే కనిపెడుతుంది.

అక్కా బావా మగ్గం వదిలి సూరత్ మిల్లులకు పోయి చాలా కాలమైంది. ఒక సాయంత్రం అక్కడ బావ గుండె ఆగింది. మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామా, ఎండలు బాగున్నయ్. రేపు పగటాల్ల పన్నెండు దాకనె నాయిన్ని ఆపుతం. తల్లిగారి బట్ట నువ్వే తేవాలె."

బావ మీద కప్పే పంచె, అక్కకు పెట్టే చీర పుట్టింటి నుంచే పోవాలి. రెండూ సంచిలో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి విమానం టికెట్ కొని, తెల్లవారకముందే శంషాబాద్ చేరి కూర్చున్నాను.

విమానం కదల్లేదు. ఒకసారి మంచు అన్నారు. అద్దాల బయట ఎండ కాస్తోంది. ఇంకోసారి సాంకేతిక కారణం అన్నారు. చివరికి మధ్యాహ్నం విమానంలో పంపిస్తామని చెప్పి, అందాకా తినమని ఉప్మా డబ్బాలు పంచారు. జనం ఎగబడ్డారు. నా దగ్గరికీ వచ్చింది. అక్కడ ఇంట్లో శవం ఉంది. అది లేచేదాకా అయినవాళ్లం ముద్ద ముట్టం. "వద్దు తల్లీ" అన్నాను. డబ్బాలు పంచే అమ్మాయి చేతిలోని పలకలాంటి దానిమీద వేలితో ఏదో నొక్కి ముందుకు పోయింది.

నేను సూరత్ చేరేసరికి అంతా అయిపోయి, అందరూ స్నానాలు చేసి ఇల్లు చేరారు. అక్క ఒంటి మీద పక్కింటివాళ్లు పెట్టిన చీర ఉంది. నేను విమానం సంగతి ఎత్తుకున్నాను.

"ఈసారి ఏం కథ తెచ్చినవ్ రా" అంది.

దినాలయ్యాక, ఆనవాయితీ ప్రకారం నిద్ర చేయడానికి అక్కను పుట్టింటికి తీసుకొచ్చాను. వచ్చింది గానీ అవసరానికి మించి నాతో మాట్లాడలేదు.

ఆలస్యమైతే విమానం వాళ్లు నష్టపరిహారం ఇస్తారని మా వీధి దర్జీ భాయ్ చెప్పాడు. "పైసలు ఇస్తె ఇస్తరు, లేకుంటె లే. తప్పైతే ఒప్పుకుంటరన్నా" అన్నాడు. నాకు కావలసింది అదే. అక్క చేటలో బియ్యం ఏరుతుంటే పక్కనే కూర్చుని, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. ఒక ఆడపిల్ల ఎత్తింది.

"సర్, మీరు ఎక్కిన మధ్యాహ్నం విమానం సమయానికే బయలుదేరిందండి."

"దానికంటె ముందుది తల్లీ. పొద్దటిది."

"అందులో వెళ్లాల్సినవాళ్లకు టిఫిన్ ఇచ్చామండి. మీరు వద్దన్నట్టు ఇక్కడ కంప్యూటర్లో ఉంది. మా సహాయం వద్దన్నవాళ్లు సొంత ఇష్టంతోనే తర్వాతి విమానానికి మారినట్టు లెక్క. పరిహారం వర్తించదండి."

చేటలో అక్క చేయి ఆగింది. "నీ ఇష్టంతోనేనట" అంది మెల్లగా.

"ఇంట్ల శవముంటె మేం తినం అమ్మా. గందుకే వద్దన్న."

"అయ్యో. కానీ కారణం రాసే వీలు ఇందులో లేదండి."

నేను తలచుకుంటే రెండు డబ్బాలు తిన్నానని చెప్పి, ఆ ఉప్మాలోని జీడిపప్పుల రంగు కూడా వర్ణించగలను. కానీ పక్కన అక్క ఉంది.

"పైసలొద్దు బిడ్డా. ఇగో, మా అక్క వింటాంది. నేను పొద్దుగాల్నే వచ్చి ఆడ కూసున్ననని ఒక్క మాట చెప్పు."

"క్షమించండి సర్. టికెట్ మీ పేరు మీద ఉంది. మీ వివరాలు ఇంకొకరికి చెప్పకూడదండి."

"నా వివరాలే గద. నేనే చెప్పుమంటున్న."

"వీలు కాదండి. ఇంకేమైనా సహాయం కావాలా?"

అక్కర్లేదన్నాను. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. అక్క తలెత్తింది.

"నిజంగనె తినలేదా?"

"లేదక్కా. నీ మీదొట్టు."

"ఒట్లెందుకు పెడ్తవ్."

చేట పక్కకు జరిపి నా మొహంలోకి చూసింది. "ఏమో తమ్మీ" అని, చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.