బావ నోట్లో పుచ్చకాయ రుచి

దెయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. ఇప్పటికీ అంతే. ఇది దెయ్యం సంగతి కూడా కాదు, మా బావ సంగతి. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని ఎవరి గడ్డమూ పట్టుకోను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా వైపు కిడ్నీలు పోవడం కొత్తేమీ కాదు, వీధికొకరు ఉంటారు. మా అక్క భర్తకి నలభై దాటకుండానే పోయాయి. ఆయనది బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల షాపు. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు తాను తాగి చూడందే ఫ్రిజ్‌లో పెట్టేవాడు కాదు. అలాంటి మనిషిని డాక్టర్లు నీళ్లు కూడా కొలుచుకుని తాగమన్నారు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోతుందన్నారు. కూల్‌డ్రింకులు అసలే వద్దన్నారు.

అక్క చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. ఎండాకాలం ఆయన ఐసుముక్క బుగ్గన పెట్టుకుని ఫ్రిజ్ వైపే చూస్తూ కూర్చునేవాడు. అందుకే కొత్త డ్రింకు ఏదైనా వస్తే నేను తాగి రుచి చెప్పేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని విని, అమ్ముడుపోతుందో లేదో తేల్చేవాడు.

ఒక వేసవిలో అక్క ఆయన్ని డయాలసిస్‌కి శ్రీకాకుళం తీసుకెళ్లింది. షాపులో నేనున్నాను. సేల్స్‌మాన్ వచ్చి కొత్త ఎనర్జీ డ్రింకు టిన్ను ఒకటి ఊరికే ఇచ్చి వెళ్లాడు. పుచ్చకాయ ఫ్లేవరట. ఎండ మండిపోతోంది, మొత్తం తాగేశాను. మొదట తియ్యగా ఉంది, చివర్న మందుబిళ్ల చేదు.

సాయంత్రం బస్సు దిగుతూనే బావ నవ్వాడు. ఆయన నవ్వగా చూసి ఏడాదైంది.

"ఏట్రా, పుచ్చకాయేనా? సివర్న సేదొస్తన్నాది. మనూల్లో ఎవుడు కొంటాడ్రా?"

టిన్ను తాగినట్టు నేను ఎవరికీ చెప్పలేదు. ఫోను కూడా చెయ్యలేదు. అక్క మొహం పాలిపోయి ఉంది. డయాలసిస్ అయ్యాక తగ్గాల్సిన బరువు తగ్గలేదట. దొంగతనంగా ఏం తాగావని నర్సు కేకలేసిందట. అక్క ఆయన మంచం పక్కనుంచి లేవనేలేదు. కానీ ఆయన నోట్లోంచి పుచ్చకాయ వాసన రావడం మాత్రం నర్సుకీ అక్కకీ ఇద్దరికీ తెలిసింది.

ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నాను. ఇంట్లో నేను మామూలు నీళ్లు ఎన్ని తాగినా బావకి ఏమీ కాలేదు. కొన్నాళ్లకి ఆ సరుకు షాపుకి వచ్చాక అదే టిన్ను మరొకటి తాగి చూశాను. ఆ పొద్దు గూకేసరికి బావ కాళ్లు ఉబ్బిపోయి ఆయాసం వచ్చింది. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

బావ మాత్రం అక్క వింటున్నా సరే అడుగుతూనే ఉండేవాడు. "ఒక్కటి తాగరా. గొంతు పిడసకట్టుకుపోతన్నాది" అని బతిమాలేవాడు. మొహం తప్పించి తిరిగేవాణ్ని.

వానలు పడేనాటికి ఆయన మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ఇక ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు డాక్టర్లు. ఒక మధ్యాహ్నం మాట కూడా పడిపోయింది. నాలుకతో పెదాలు తడుముకుంటున్నాడు. చెంచాతో నీళ్లు పోస్తే బయటికే వచ్చేస్తున్నాయి. అక్క లేచి వెళ్లి షాపులోంచి ఆ టిన్ను తెచ్చి, తనే తెరిచి నా చేతిలో పెట్టింది. అన్నాళ్లూ గుక్కగుక్కా కొలిచిన మనిషి.

"తాగీరా తమ్ముడూ. ఇంకేటి ఉన్నాదని కాసుకుంటాం?"

ఏడుస్తూనే తాగాను. నేను గుటక వేసినప్పుడల్లా బావ గొంతు కదిలింది. అక్కా నేనూ ఇద్దరం చూశాం. టిన్ను అయిపోయేసరికి ఆయన పెదాలు తడిగా ఉన్నాయి. చాలన్నట్టు చెయ్యి కాస్త ఎత్తాడు. దీపాలు పెట్టేవేళకి పోయాడు.

తర్వాత డాక్టరుకి జరిగిందంతా చెప్పి, నా వల్లే పోయాడా అని అడిగాను. ఎలాగూ నేడో రేపో అన్నట్టున్న మనిషే అన్నాడు. బరువు సంగతి మిషను తేడా అయి ఉంటుందన్నాడు. అయి ఉండొచ్చు. ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ రోజు టిన్ను మొత్తం తాగినా నా నోటికి తీపీ తగల్లేదు, చేదూ తగల్లేదు. గొంతు తడి కూడా కాలేదు.