ఉప్పు తక్కువన్న పేపరు

కరోనా తగ్గిన మరుసటి చలికాలంలో నేను కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో ఉండే ఒక ప్రొఫెసరమ్మ ఇంట్లో వంటమనిషిగా చేరాను. అంతకుముందే ఆ దేశంలో రెండు మూడు ఇళ్ళలో వండాను. ఇంటి యజమానురాలిని అక్కడ మేమంతా మామా అంటాం. ఈ మామా యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చెప్పేది. పెద్ద ప్రోగ్రాములో ఒకచోట మార్పు చేస్తే ఇంకెక్కడ చెడుతుందో ముందే కనిపెట్టే పద్ధతి ఒకదాని మీద ఆమె పరిశోధన పేపర్లు రాసింది. ఆమెకు హిందీ వచ్చు, నాకు హిందీతో పాటు వంటింటికి సరిపడా అరబ్బీ వచ్చు. ఆ రెండూ కలిపి మాట్లాడుకున్నవే ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

వంటమనిషి పని వండడంతో అయిపోదు. గిన్నెలు బల్ల మీదికి పోయాక తలుపు పక్కన నిలబడి, ఏది ముందు ఖాళీ అవుతోందో, ఏది పక్కకు జరిగిందో చూసుకోవాలి. నోరు తెరిచి చెప్పే ఇళ్ళు తక్కువ. మామాతో ఆ బాధ లేదు. మొదటి ముద్ద నోట్లో పడగానే “రమణా, ఉప్పు!” అని కేక వేసేది. అంటే తక్కువైందని. ఎక్కువైతే “రమణా, సముద్రం!” అనేది.

ఆ చలికాలమంతా ఆమె పొద్దున్నే ఫోను ముందు పెట్టుకుని కూర్చునేది. టీ చల్లారిపోయేది. ఆమె కారు నడిపే రాజన్నను అడిగాను. అతనిది జగిత్యాల వైపు. ఫర్వానియాలో రూములో ఉండి రోజూ బస్సులో వచ్చేవాడు.

“ఏం చూస్తాది రాజన్నా, పొద్దున్లేస్తే? ఎవురికన్నా బాగలేదా?”

“అదేం లేదక్కా. ఈమె పేపర్లను వేరేటోళ్ళు వాళ్ళ పేపర్లల్ల చెప్పుకున్నరా లేదా అని చూస్తది. సైటేషన్ అంటరు. గవి మస్తుగుంటెనే పెద్ద ప్రొఫెసర్‌ను చేస్తరట.”

“ఎవురో పేరు చెప్తే ఈమె పెద్దదైపోతాదా?”

“నన్నడుగుతవేంది? నేనేమన్న పేపర్ రాసిన్నా? చాయ్ పొయ్యి.”

తర్వాత మామాయే విడమరిచి చెప్పింది. అప్పటికి ఆమె అసోసియేట్ ప్రొఫెసర్. పైన ప్రొఫెసర్ అనే ఒక్క మెట్టే మిగిలింది. రిటైరయ్యేలోపు అదే ఆఖరి దరఖాస్తు. కమిటీవాళ్ళు హెచ్-ఇండెక్స్ అని ఒక అంకె చూస్తారు. పది పేపర్లకు ఒక్కొక్కదానికి కనీసం పది సైటేషన్లుంటే ఆ అంకె పది. తన పేపరును తానే పేర్కొన్నవి తీసేస్తారు. అవి పోతే మామాకు కావాల్సిన అంకెకు కొంచెం తగ్గుతోంది.

ఒక శుక్రవారం వేరే కాలేజీ ప్రొఫెసరు ఒకాయన భోజనానికి వచ్చాడు. మాంసం వేసి మచ్బూస్ అన్నం వండాను. తింటూ ఆయన ఒక దారి చెప్పాడు. ఆయన మనుషులు మామా పేపర్లను పేర్కొంటారు, మామా, ఆమె విద్యార్థులు ఆయన పేపర్లను పేర్కొనాలి. కమిటీ కూర్చునేలోపు అంకె నిండుతుంది. మామా టీ చెప్పే నెపంతో వంటింట్లోకి వచ్చి నాతో ఆ సంగతి అంది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

“మా పక్క పెండ్లిండ్లల్లో చదివింపులని ఉంటాయి మామా. కానుక ఇచ్చినోళ్ళ పేరు అందురికీ వినపడేట్టు చదువుతారు. రేపు వాళ్ళింట్లో పెండ్లయితే మనమూ తిరిగి చదివించల్ల. అందురూ చేసేదే. ఊ అను.”

“చదివించినవాళ్ళంతా భోజనం చేసి వెళ్తారా?”

“కొందరు చదివించేసి అట్లనే పోతారు, తినకుండా.”

“అదే రమణా,” అంది మామా. “నాకు తినేవాళ్ళు కావాలి.”

వెళ్ళి ఆయనకు వద్దని చెప్పింది. ఆయన నా వంట అద్భుతమని మెచ్చుకుని లేచాడు. పళ్ళెం తీయబోతే మాంసం సగానికి పైగా అలాగే ఉంది.

ప్రొఫెసర్ పదవి రాలేదు. “ఖలాస్ అక్కా,” అని రాజన్న కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. ఆ వారం వంటింటి వైపు ఒక్క కేక రాలేదు. నేను ఉప్పు మరిచిన పప్పును కూడా మామా మాట్లాడకుండా తినేసింది. ఆ ఇంట్లో నాకు తోచకుండా పోయింది అప్పుడే.

ఎండలు ముదిరే ముందు ఒక పొద్దున “రమణా!” అని పెద్ద కేక. ఉప్పు డబ్బా పట్టుకునే పరుగెత్తాను. బల్ల మీద తిండే లేదు, ఫోను ఉంది. ఆమె ఎప్పుడూ చూడని దేశంలో ఏదో చిన్న కాలేజీ మనిషి, ముఖపరిచయం లేదు. ఆమె పద్ధతిని తీసుకుని, తన ప్రోగ్రాముల మీద నడిపి చూసి, ఫలానా చోట అది తప్పును పట్టుకోలేకపోతోందని రాశాడట.

“నిన్ను తప్పు పడతాడా? ఎవుడు మామా వాడు? గట్టిగా రాయి!”

“ఉప్పు తక్కువన్నాడు రమణా,” అని ఆమె నవ్వింది. “అంటే తిన్నాడు.”

సైటేషన్ల లెక్కలో మెచ్చినా తప్పు పట్టినా ఒకటేనట. మామాకు కాదు. మధ్యాహ్నం దాకా కుర్చీ వదలకుండా ఆ లోపం సరిచేసింది. టీ మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ వేడిగానే తాగింది.

ఆమె అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరైంది. అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, నా ఇఖామా కూడా ఆ ఏడే ముగిసింది, మా ఊరు రాయచోటికి వచ్చేశాను. ఇక్కడ నా వంట తిన్నవాళ్ళంతా బాగుందనే అంటారు. కువైట్‌లో వండి వచ్చిన చెయ్యి కదా అని మర్యాద. వడ్డించి తలుపు పక్కన నిలబడే అలవాటు మాత్రం పోలేదు. మొదటి ముద్దకు నా చెవి అటే ఉంటుంది. ఎవరూ కేక వేయరు.

కొత్తగా వంటపనికి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు వచ్చి అడిగితే ఒకటే చెబుతాను. బాగుందన్న మాటలు లెక్కపెట్టుకోవద్దు, తిరిగొచ్చిన పళ్ళెం చూడండి. ఏం తక్కువైందో చెప్పే ఇల్లు దొరికితే ఇఖామా ఉన్నన్నాళ్ళు ఆ ఇల్లు మారొద్దు.