జర నొస్తది అన్న నర్సమ్మ

మంగళవారం పొద్దున కరీంనగర్‌లోని మా ల్యాబులో రక్తం సీసాలకు పేర్లు అంటిస్తుండగా ఫోన్ వచ్చింది. మందమర్రి నుంచి, నర్సమ్మ కొడుకు.

"అక్కా, అవ్వ పోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. చాయ్ అడిగింది. పెట్టుకొచ్చేసరికి పోయింది."

సరేనని ఫోన్ పెట్టేసి మిగిలిన సీసాలన్నింటికీ పేర్లు అంటించాను. ఒక్కటీ తప్పు పోలేదు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

మా బాపు మందమర్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు. మా క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు నర్సమ్మది. సర్కారు దవాఖానలో నర్సు. కాలనీలో పిల్లలందరికీ టీకాలు వేసింది ఆమే. సూది చూసి నేను మంచం కిందికి దూరితే మా అవ్వ "ఏం నొయ్యది, రా" అని బుజ్జగించేది. నర్సమ్మ ఒప్పుకునేది కాదు. "అబద్ధం చెప్పకు వదినె. జర నొస్తది బిడ్డా. జరసేపే" అనేది. ఆ మాట నమ్మి చెయ్యి చాపేదాన్ని. టీకా ఎందుకని అడిగితే, ఒంట్లో ఉన్న సిపాయిలకు దొంగ మొఖం ముందుగాల చూపెట్టుడు అనేది. నేను ల్యాబు పనిలోకి రావడానికి ఆ సిపాయిలే కారణం కావచ్చు.

రిటైరైన రెండేళ్లకు ఆమెకు దగ్గు మొదలైంది. ఎవరో డాక్టరు సరిగ్గా పరీక్ష చేయకుండానే టీబీ మందులు రాస్తే రెండు నెలలు మింగింది. తగ్గలేదు. చివరికి స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ. క్యాన్సర్. "బీడీ కూడ ముట్టలే గదనే నేను" అని ఒక్కసారే అంది.

రిపోర్టులు చదవగలనని హైదరాబాద్‌కు నేనే తోడు వెళ్లాను. డాక్టరును ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఎన్నాళ్లు బతుకుతానని కాదు.

"మరి నా ఒంట్లె సిపాయిలు ఏం జేస్తుండ్రు సార్? గింత పెద్దగయ్యేదాంక వాళ్లకు కానరాలేదా?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "కనిపించిందమ్మా. మీ గడ్డ నుంచి తీసిన ముక్కలో ఆ రక్షక కణాలున్నాయి. చంపడానికే వచ్చాయి. కానీ మన మంచి కణాల మీద 'నేను మీవాణ్ణే, ఆగు' అని చెప్పే గుర్తు ఒకటుంటుంది. క్యాన్సర్ కణం కూడా అదే గుర్తు పెట్టుకుంది. అది చూసి ఆగిపోయాయి."

"అంటే వచ్చి నిలబడ్డరన్నట్టు."

"అంతే. ఇమ్యునోథెరపీ మందు క్యాన్సర్‌ను నేరుగా చంపదు. ఆ గుర్తుకు అడ్డుపడుతుంది. చంపేది మీ కణాలే. అందరికీ పనిచేయదు. పనిచేస్తే కొందరికి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మీ గడ్డలో ఆ గుర్తు ఎక్కువగా ఉంది గనక ప్రయత్నిద్దాం."

తిరుగు బస్సు సిద్దిపేట దాటింది. ఆమె నా వైపు తిరిగి, "వచ్చిండ్రట చూడు" అంది. ఆ ముఖంలో సంతోషంలాంటిది చూశాను.

మూడు వారాలకోసారి మందు ఎక్కించారు. కొన్ని నెలలకు గడ్డ సగమైంది. కదిలిన సిపాయిలు ఆమె థైరాయిడ్ మీద కూడా పడ్డారు. దానికి రోజూ ఒక మాత్ర వేసుకోవాల్సి వచ్చింది. "మనోళ్లే. జర జోష్ ఎక్కువైంది" అని నవ్వింది. ఏడాదికి పైగా బాగుంది. కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, "దగ్గు మూడు వారాలు దాటితె ఊకోకుండ్రి, పరీక్ష చేపిచ్చుకోండ్రి" అని చెప్పింది. కొందరు విసుక్కున్నారు. మళ్లీ వెళ్లింది.

తర్వాత కాలేయంలో మచ్చలు కనిపించాయి. డాక్టరు దాచలేదు. క్యాన్సర్ ఈసారి వేరే దారి పట్టి ఉండొచ్చు, రక్షక కణాలు తనను పోల్చుకునే ఆనవాళ్లనే వదిలించుకుని ఉండొచ్చు అన్నాడు. ఇలాంటివాళ్ల కోసం మందులు కలిపి ఇచ్చి చూస్తున్నారట, రోగి కణాలనే బయటికి తీసి, తర్ఫీదు ఇచ్చి తిరిగి పంపే ప్రయత్నాలూ జరుగుతున్నాయట. కాలేయంలోంచి ముక్క తీయాలి, పరిశోధన కోసం ఇంకో ముక్క కూడా ఇస్తారా అని అడిగాడు.

"దాంతోని నాకేమన్న ఫాయిదా ఉంటదా సార్?"

"మీకు ఉండకపోవచ్చమ్మా."

అప్పటికే ఆమె చాలా చిక్కిపోయింది. "ఎందుకు నర్సమ్మా, వద్దని చెప్పు" అన్నాను.

"జర నొస్తది. గంతే గదా" అని సంతకం పెట్టింది. సూది దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

ఆ ముక్క ఇప్పుడు ఏదో చల్లటి పెట్టెలో ఉండి ఉంటుంది. ఎవరికి పనికొస్తుందో తెలియదు. నాకు సూది వేసిన ప్రతిసారీ నిజమే చెప్పినందుకు నేను ఆమెకు కృతజ్ఞతలు చెప్పనే లేదు. చెప్పాలని తోచలేదు.

పోయిన నెలలో చివరిసారి చూశాను. అన్నం సయించడం లేదని కొడుకు చెబితే, బస్టాండు దగ్గర సీతాఫలాలు కొని తీసుకెళ్లాను. అరుగు మీద ఎండకు కూర్చుని ఒక పండు విప్పుకుంది. సగం తినడానికి అరగంట పట్టింది. గింజలను ఒక్కొక్కటే అరచేతిలోకి తీసి, పక్కనున్న పిట్టగోడ మీద పెడుతూ వచ్చింది. నేను లేచేటప్పటికి అవి వరుసగా, నల్లగా, ఇంకా తడి ఆరకుండా ఉన్నాయి.