కాయ కట్టని పురుగులూ, కొండల్‌రెడ్డి సారూ

మొన్న మంగళవారం పొద్దున మహబూబాబాద్‌లో నేను పాఠం చెప్పే కాలేజీకి బయల్దేరుతుండగా కొండల్‌రెడ్డి సారు కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయిన పోయిండు" అన్నది. కర్బన రసాయన శాస్త్రంలో నాకు ఓనమాలు దిద్దించిన ఆచార్యులు జనగామ పక్కన తమ స్వగ్రామంలో నిద్రలోనే పరమపదించారన్న వార్తను నా హృదయం ఇప్పటికీ అంగీకరించడం లేదు.

కొత్తగూడ అడవిలోని తండా నుంచి యూనివర్సిటీకి వచ్చినదాన్ని. మా ఇంటి భాష లంబాడీ. మొదటి రోజు బెంజీన్ గురించి అడిగితే తడబడి సగం లంబాడీలో జవాబిచ్చాను. వెనక బెంచీలవాళ్లు నవ్వారు. సారు వాళ్లనేమీ అనలేదు. బోర్డు మీద వలయం గీసి, "ఆరు కర్బనాలు చేతులు పట్టుకొని కూసున్నయి బిడ్డా. ఎవ్వలు ఎవ్వల చెయ్యి ఇడువరు. గందుకే దానికి గంత నిబ్బరం" అన్నారు. విద్వత్సభల్లోనూ ఆయనది ఆ జనగామ మాటే.

కీటకాల దేహంలో బాల్య హార్మోన్ ఉన్నంతకాలం పురుగు పురుగుగానే ఉంటుంది. అది తగ్గినప్పుడే రూపాంతరం చెంది రెక్కలు తెచ్చుకుంటుంది. ఆ హార్మోన్‌ను అనుకరించే, బెంజీన్ వలయమున్న ఆరోమాటిక్ సమ్మేళనాలను సృష్టించడమే సారు జీవితకాల తపస్సు. పత్తిని తినే పురుగుకు రెక్కలే రాకపోతే గుడ్లు పెట్టదు. రైతుకు విషం పీల్చే బాధ తప్పుతుంది. నా పీహెచ్‌డీ కోసం తయారుచేసిన అణువు ఆ పని చేసింది. భూపాలపల్లి దగ్గర పత్తిచేలో ప్రయోగం ఫలించింది. దాన్ని తయారుచేసి అమ్ముతామని ఒక కంపెనీ ఒప్పందానికి ముందుకొచ్చింది.

చేను పక్కనే, అడవి అంచున, మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచే వృద్ధురాలు లచ్చవ్వ. ఒకనాడు గట్టు మీద నిలబడి కేకేసింది.

"సారూ! నా పురుగులు తినుడే తింటున్నయి గని కాయ కడ్తలేవు. ఏందీ పరేషాన్?"

కాయంటే పట్టుగూడు. రోగమై ఉంటుందన్నారు కంపెనీవాళ్లు. సారు మాత్రం ఆ మద్దిచెట్ల ఆకులు కోసుకొచ్చి పరీక్షించారు. వాటిమీద ఉన్నది నా అణువే. పత్తిచేలో చల్లింది గాలికి కొట్టుకొచ్చి, ఎండకు చెదరక నిలిచిపోయింది. పట్టుపురుగుల బాల్యాన్ని కూడా ముగియనివ్వలేదు.

నేను ఏడ్చేశాను. "నా మూడేండ్ల పని పోయినట్టేనా సార్?"

"నీ అణువు అబద్ధం చెప్పలే బిడ్డా. మనమే దాన్ని అడగాల్సినయన్ని అడగలే."

ఆ మరునాడే ఒప్పందం వద్దని కంపెనీకి రాశారు. నన్ను వెంటబెట్టుకుని లచ్చవ్వ దగ్గరికి పోయి, ఊరివాళ్లందరి ముందర చేతులు జోడించారు.

"తప్పు మాదే అవ్వా."

లచ్చవ్వ కరగలేదు. "తప్పైందంటే నా కాయలొస్తయా? మంచిగ చేసి, మల్లొచ్చి చూపెట్టు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తిరుగుదారిలో సారు ముఖం మాత్రం వెలిగిపోతోంది. "ఇన్నవా బిడ్డా? మల్ల రమ్మన్నది!"

పదవీ విరమణ చేసినా ప్రయోగశాలను వదల్లేదాయన. వలయానికి అంటుకున్న క్లోరిన్ వల్లే అణువు అంత మొండిగా నిలుస్తోందని తేల్చాం. దాన్ని తీసి, ఆ చోట మరొకటి, ఇంకొకటి అతికిస్తూ పోయాం. ఎన్నో విఫలమయ్యాయి. చివరికొకటి ప్రయోగశాలలో పత్తిపురుగును ఆపింది. మేం కోరుకున్నట్టే రెండ్రోజుల ఎండకే విరిగిపోయింది. దాన్ని పత్తిచేలో కంటే ముందు లచ్చవ్వ పురుగుల దగ్గరే పరీక్షించాలన్నది సారు పట్టుదల. ఆమె నాలుగు కొమ్మలు చూపించి, "గివి మీయి. తక్కినయి ముట్టుకోకుండ్రి" అన్నది.

ఆ పురుగులు కాస్త ఆలస్యంగానైనా కాయ కట్టాయి. లచ్చవ్వ ఒకటి తెంపి, వేళ్లతో నొక్కి చూసి, "గట్టిగనే ఉన్నది" అంటూ సారు అరచేతిలో పెట్టింది. ఎన్ని సన్మానాలందుకున్నా అన్ని ఆనందబాష్పాలు ఆ కళ్లలో నేను చూడలేదు.

వచ్చే సోమవారం పత్తిచేలో ఆ అణువుకు అసలు పరీక్ష. ఇప్పుడు నాతో ఇద్దరు విద్యార్థినులున్నారు, ఇద్దరూ తండా పిల్లలే. ఏ ఫలితం వచ్చినా ఉన్నదున్నట్టు రాస్తాం. తప్పైతే నష్టపోయినవాళ్ల దగ్గరికే పోయి చెప్తాం. ఆ పుణ్యమూర్తికి ఇంతకుమించిన నివాళి నాకు తెలియదు. ఫలితం రాగానే ముందు ఎవరికి చెప్పాలో, అదొక్కటే తోచడం లేదు.